చివరి పావుగంట

నేను తెల్లబట్టల్లో ఉన్న ఆ నాలుగు నెలల పది రోజుల్లో మా ఇంటి కిటికీ అద్దం ఒక్కటి కూడా పగల్లేదు. ఆ ఏడు మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఓడని ఆదివారాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయినా పగల్లేదు. మా వీధి గుండానే జనం స్టేడియం నుంచి గని కార్మికుల పేటకి తిరిగి వెళ్తారు. పక్కిళ్ళవాళ్ళు అద్దాలు మానేసి రేకులు కొట్టించుకుని ఎన్నాళ్ళో అయింది. మా ఇంటికే అద్దాలుండేవి. బూఅజ్జా అదృష్టవంతుడు అనేవాళ్ళు వీధిలో. ముప్పై ఒక్క ఏళ్ళు నేనూ అదే అనుకున్నాను.

బూఅజ్జా మా ఆయన. ఫాస్ఫేట్ రైళ్ళకి పట్టాలు మార్చే పని చేసి రిటైరయ్యాడు. రంజాన్ పండగ వెళ్ళిన తొమ్మిదో నాడు, పొద్దున్నే రొట్టెముక్క ఆలివ్ నూనెలో అద్దుకుంటూ, "ఈసారి నూనె బాగుంది మిలూదా" అని పక్కకి ఒరిగిపోయాడు. అంతే. ఆ మాటలో ఇంకేమైనా ఉందేమోనని చాలా రోజులు వెతికాను. నూనె బాగుండడం తప్ప ఏమీ లేదు.

మూడో రోజున ఆయన అక్క తామూ వదిన పరుపు చుట్ట చంకన పెట్టుకుని దిగింది. నాకు ఒళ్ళంతా కప్పే తెల్ల జెల్లాబా అంగీ, తెల్ల తలగుడ్డ, తెల్ల మేజోళ్ళు, తెల్ల చెప్పులు తెచ్చింది. తనకి ఒక రేడియో తెచ్చుకుంది.

"నాలుగు నెలల పది రోజులు గడప దాటకు. కాటుక లేదు, గోరింటాకు లేదు, అత్తరు లేదు. మగవాళ్ళతో మాటుంటే తలుపు చాటునుంచి, నేను పక్కనుండగా."

"నాకు యాభై రెండేళ్ళు వదినా. నన్ను చూసేవాడెవడు?"

"చూడ్డానికెవడూ లేడు. చెప్పుకోడానికి ఊరంతా ఉంది. కాళ్ళు చాపు, మేజోళ్ళు తొడుగుతాను."

తామూ వదిన నోరు అలాంటిది. కానీ మేజోళ్ళు తొడిగాక ఒక్క ముడత లేకుండా ఆవిడ చేతులు మళ్ళీ మళ్ళీ సర్దాయి. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన చేతులవి.

మాకు పిల్లల్లేరు. మా ఇంట్లో రెండు వారాలకొక పండగ ఉండేది, మా ఊళ్ళో మ్యాచ్ ఉన్న ఆదివారం. గోధుమరవ్వ కూస్‌కూస్ తిని, ఆకుపచ్చ మఫ్లర్ మెడకి చుట్టుకుని, ఎండల్లో కూడా చుట్టుకునే, రెండింటికల్లా బయల్దేరేవాడు. అయిదింటికి పది నిమిషాలుందనగా తిరిగొచ్చేవాడు. వస్తూనే వీధివైపు కిటికీల చెక్క తలుపులు బయటనుంచి మూసి, గుమ్మం బయటి గూట్లోంచి మూడుకాళ్ళ ఆకుపచ్చ పీట తీసి వీధిలో వేసుకుని, తలుపుకి వీపు ఆనించి కూర్చునేవాడు. నేను టీ గ్లాసు తలుపు సందులోంచి అందించేదాన్ని.

"రెండు గంటలు రాతిమెట్ల మీద కూచుని వచ్చి మళ్ళీ వీధిలో కూచుంటారేం?" అనేదాన్ని.

"గాలికి" అనేవాడు. చలికాలంలో కూడా గాలికే.

జనమంతా వెళ్ళిపోయాక లోపలికొచ్చి, రెండో గ్లాసు టీ పోయించుకుని, అప్పుడు మ్యాచ్ చెప్పేవాడు. మొదటి గ్లాసు దగ్గర ఎంత అడిగినా పెదవి విప్పేవాడు కాదు. అది ఆయన పద్ధతి అనుకున్నాను. చెప్పడంలో మాత్రం ఆయనకి సాటి లేరు. నేను బఠాణీలు ఒలుస్తూనో చొక్కాకి గుండీ కుడుతూనో వినేదాన్ని. చివరి పావుగంటకి వచ్చేసరికి చేతిలో పని ఆగిపోయేది. ఎవడి బూటు లేసు ఊడిందో, గోల్‌కీపర్ దేవుణ్ణి ఎన్నిసార్లు తలుచుకున్నాడో, అన్నీ చెప్పేవాడు. ఇంట్లో రేడియో ఉండనిచ్చేవాడు కాదు. "రేడియోవాడు అబద్ధాలకోరు" అనేవాడు.

ఒకసారి అలా చెప్పిన గోల్ మూలంగా తామూ వదినకీ నాకూ పెద్ద గొడవ అయింది. ఆఖరి నిమిషంలో మనవాడు గాల్లోకి లేచి తలతో కొట్టాడని ఈయన చెప్పాడు. నేను వెళ్ళి వదినకి చెప్పాను. "కాలితో కొట్టాడట. మా ఆయన చూశాడు" అంది ఆవిడ. "మీ ఆయన నిద్రపోయుంటాడు. మా ఆయన కళ్ళారా చూశాడు" అన్నాను. మాటా మాటా పెరిగి ఒక రంజాన్ నెలంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఈయన మధ్యలో కూచుని, "పోనీ కాలితోనే అనుకోరాదూ" అన్నాడు నాతో. నాకు ఇంకా ఒళ్ళు మండింది. కళ్ళారా చూసినవాడు అనాల్సిన మాటేనా అది?

*

ఆయన పోయాక మొదటి మ్యాచ్ నాడు, మ్యాచ్ ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు. నాలుగున్నరకి చేతులు వాటంతటవే కెటిల్ పొయ్యిమీద పెట్టాయి. పుదీనా తుంపుతుంటే గుర్తొచ్చింది ఎవరికోసం తుంపుతున్నానో.

తామూ వదిన పక్కగదిలో రేడియోకి చెవి అప్పగించి కూర్చుంది. రేడియోలో మనిషి గొంతు చించుకుంటున్నాడు.

"అయిదవుతోంది. మ్యాచ్ అయిపోయాక కూడా ఏం అరుస్తున్నాడు వదినా వాడు?"

"అయిపోవడమేమిటి? ఇంకా ఉంది."

"అదేంటి, ఈ వేళకి ఆయన ఇంటికొచ్చేసేవాడు కదా."

"నీ గడియారం ముందుందేమో."

నా గడియారం ముందు లేదు. రేడియోలో మనిషి అప్పుడే టైమెంతో కూడా చెప్పాడు. కెటిల్ మూత ఎగిరెగిరి పడుతోంది. నేను దించలేదు. స్టేడియం మా ఇంటికి పది నిమిషాల నడక. లెక్క ఎలా వేసినా ఒకటే వస్తోంది. గాలి తూర్పునుంచి వీచినప్పుడు, ఈయన వీధిలో పీటమీద ఉండగానే, స్టేడియం హోరు వినబడిన రోజులున్నాయి. "ఇంకా అరుస్తున్నారేంటి?" అని అడిగితే, "ఇళ్ళకి పోబుద్ధి కాని వెధవలు" అనేవాడు.

అప్పుడు వీధివైపు కిటికీ చెక్కలు దబ్బున మూసుకున్నాయి. ఒకటి, తర్వాత రెండోది. గదిలో చీకటైంది. తామూ వదిన "బిస్మిల్లా" అంటూ లేచి నిలబడింది.

చెక్కల సందులోంచి చూశాను. షెర్కీ. ఈయనతో పాటు నలభై ఏళ్ళు స్టేడియంలో ఒకే మెట్టుమీద కూర్చుని మ్యాచ్ చూసినవాడు. గూట్లోంచి పీట తీసి తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. పరుగున వచ్చినట్టు ఎగరోజుతున్నాడు.

కాసేపటికి జనం వచ్చారు. రెండు గోల్స్‌తో ఓడిన జనం. ముందుగా వచ్చేది కాళ్ళ చప్పుడు, దాని వెనక బూతులు. ఎవడో ఎదురింటి రేకుమీద గుద్దాడు. ఇంకెవడో ఖాళీ డబ్బా తన్నితే అది మా గోడకి తగిలి దొర్లింది. షెర్కీ లేవలేదు, అరవలేదు. చెయ్యి కొంచెం పైకెత్తాడు, అంతే. ఆ డబ్బా తన్నినవాడు "క్షమించు బాబాయ్" అని, వంగి డబ్బా తీసుకుని చేత్తో పట్టుకుపోయాడు.

జనం వెళ్ళిపోయాక షెర్కీ కిటికీలు తెరిచి, పీట గూట్లో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత వచ్చింది షెర్కీ కాదు, లారీ మెకానిక్ అల్లాల్. ఆ తర్వాత మరొకడు. అందరూ ఆ మెట్టువాళ్ళే. మళ్ళీ షెర్కీ వంతు వచ్చిన రోజు నేను తలుపు జానెడు తెరిచి, తామూ వదినని పక్కన నిలబెట్టుకుని, సందులోంచి టీ గ్లాసు చాపాను.

"షెర్కీ అన్నా, నిజం చెప్పు. ఆయన ఏ ఒక్క మ్యాచైనా చివరిదాకా చూశాడా?"

అతను గ్లాసు అందుకున్నాడు.

"పెళ్ళికి ముందు చూశాడు చెల్లెమ్మా."

"తర్వాత?"

"తర్వాత డెబ్బై అయిదో నిమిషానికి లేచేవాడు. మొదట్లో మేం ఎగతాళి చేసేవాళ్ళం. పెళ్ళాం పిలుస్తోందిరా లే, అని. మనవాడు పెనాల్టీ కొట్టబోతున్నా లేచేవాడు. రిఫరీ వాచీ తప్పొచ్చు గానీ వీడు లేవడం తప్పేది కాదు. కొన్నాళ్ళకి స్టాండులో అందరికీ అదే గుర్తైపోయింది. బూఅజ్జా లేచాడంటే ఇంక పావుగంటే ఉందని లెక్క. మా కోచ్ కూడా ఇటు చూసేవాడు."

"ఎందుకు లేచేవాడు?"

"జనం కంటే ముందు ఇల్లు చేరాలని. మాకే పదేళ్ళకి గానీ చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో ఓడిపోయి వస్తున్న గుంపు మీ కిటికీలు పగలగొట్టిందటగా. నువ్వొక్కదానివే ఉన్నావట."

ఉన్నాను. పెళ్ళై నలభై రోజులు కాలేదు. కొండమీది పల్లె పిల్లని, గొర్రెల మంద తప్ప ఇంకో గుంపు ఎరగను. అద్దాలు భళ్ళున పడుతుంటే, కూస్‌కూస్ ఉడికించే పెద్ద ఇత్తడి గిన్నె నెత్తిన బోర్లించుకుని మంచం కింద దూరాను. ఆయన వచ్చి, గిన్నె తీసి, నా జుట్టులోంచి గాజుముక్కలు ఒక్కొక్కటే ఏరాడు. నవ్వలేదు. మర్నాడు కొత్త అద్దాలు వేయించాడు.

"గిన్నె సంగతి కూడా చెప్పాడా?" అన్నాను.

"ఏ గిన్నె?"

"ఏం లేదు."

తామూ వదిన నావైపు చూసింది గానీ అడగలేదు. అడక్కపోవడం ఆవిడ జన్మలో అదే మొదలు.

"మరి ఆ చివరి పావుగంట అంతా నాకెలా చెప్పేవాడు?"

షెర్కీ నవ్వాడు. "ఇక్కడ కూచునేవాడు కదా. వచ్చేవాళ్ళు వచ్చినట్టు ఒక్కో ముక్క చెప్పిపోయేవాళ్ళు. మిగతాది వాడే కట్టుకునేవాడు. సోమవారం టీకొట్టు దగ్గర మాకే చెప్పేవాడు, మేం చూసిన మ్యాచ్. వాడు చెప్పిందే బాగుండేది."

"ఆ తలతో కొట్టిన గోల్?"

"అది కాలితో కొట్టాడు చెల్లెమ్మా."

తలుపు వెనక తామూ వదిన ముక్కు చీదుకుంది. గెలిచానని మాత్రం అనలేదు.

"ఇంక ఎవరూ రావద్దు అన్నా. నా మూలంగా మీకు ఆటలు పోవడమెందుకు?"

"నీకోసం వస్తున్నామనుకుంటున్నావా?" షెర్కీ ఖాళీ గ్లాసు గడపమీద పెట్టాడు. "డెబ్బై అయిదో నిమిషానికి మెట్టుమీద ఎవడో ఒకడు లేవకపోతే మాకు తోచడం లేదు."

*

వసంతం వెళ్ళి ఎండలు ముదిరాయి. గనుల తెల్లదుమ్ము నా తెల్లబట్టలమీద పడి, ఏది గుడ్డో ఏది దుమ్మో తెలియకుండా పోయింది. జట్టు దిగజారుతూనే ఉంది. జూన్ నెల మధ్యలో ఆఖరి మ్యాచ్. ఓడకపోతే ఉంటాం, ఓడితే కింది డివిజన్‌కి పోతాం. ఊళ్ళో పెళ్ళిళ్ళు కూడా వాయిదా వేసుకున్నారు. నా గడువుకి ఇంకా పదకొండు రోజులుంది.

శనివారం షెర్కీ తలుపు దగ్గరికి వచ్చాడు. కాపలా వంతు కోసం చీటీలు వేసుకున్నారట. తనకే వచ్చిందట. సంతోషంగానే చెప్పాలని చూశాడు. తను పుట్టిన ఏడే పుట్టిన జట్టు అది. పైగా తనకి గుండెజబ్బుంది. ఇంకెన్ని ఆఖరి మ్యాచ్‌లు చూస్తాడు?

"నువ్వు రావద్దు."

"అలా అనకు. పొరపాటున ఓడితే రేపొచ్చే జనం మామూలు జనం కాదు. నీ పెళ్ళైన ఏడు కిందికి పోయినప్పుడు ఎలా వచ్చారో..."

"నాకు తెలుసు ఎలా వచ్చారో. మా ఇంటి ఉప్పూ రొట్టె తిన్నవాడివి నువ్వు. చివరి విజిల్ దాకా కూచో. వచ్చి నాకు చెప్పు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక మనిషి చివరి పావుగంట నేనే తిన్నాను. ఇంకొకడిది తినలేను."

"మరి తలుపు దగ్గర ఎవరుంటారు?"

"నేనుంటాను."

షెర్కీ వెళ్ళాడో లేదో తామూ వదిన అందుకుంది.

"నీకు మతిగాని పోయిందా? గడువు తీరకుండా తెల్లబట్టలతో వీధిలో కూచుంటావా, వెయ్యిమంది మగాళ్ళ ముందు?"

"వీధిలో కాదు, గడప లోపల. పీటకి మూడు కాళ్ళున్నాయి, మూడూ లోపలే ఉంటాయి. నువ్వే కొలుచుకో."

"రాళ్ళు పడితే?"

"పడితే నీ పక్క కూడా పడతాయి. నువ్వు మీ కొడుకింటికి వెళ్ళు వదినా, రేపొక్క రోజు."

"నేనెందుకు వెళ్తాను? నా తమ్ముడి ఇల్లిది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. మాటలు శనివారం చెప్పడం తేలికే.

ఆదివారం కూస్‌కూస్ వండాను. గిన్నె కడిగి మేకుకి తగిలించాను. అదే ఇత్తడి గిన్నె, ఒకవైపు సొట్ట. ఒకసారి దానివైపు చూశాను. అది కూడా నావైపు చూసినట్టే ఉంది.

మ్యాచ్ మొదలైంది. మొదటి సగంలో మనవాళ్ళు ఒక గోల్ వేశారు. తామూ వదిన రేడియోని ముద్దు పెట్టుకుంది. రెండో సగంలో వాళ్ళొకటి వేశారు. ఒకటి ఒకటి. ఇలాగే అయిపోతే చాలు. తామూ వదిన వేళ్ళు జపమాల పూసల్ని తోసెయ్యడమే గానీ లెక్కపెట్టడం లేదు.

డెబ్బై అయిదో నిమిషం అని రేడియోలో చెప్పాడు. నేను లేచాను.

"ఆపెయ్ వదినా."

"ఏమిటీ?"

"రేడియో ఆపెయ్. ఆయనకి తెలిసింది ఇంతవరకే."

తిడుతుందనుకున్నాను. నా మొహంలోకి చూసి, మీట నొక్కింది. ఇల్లు ఒక్కసారిగా చెవుడెక్కినట్టయింది.

తలుపు బార్లా తెరిచాను. తలుపు బార్లా తెరిచాను. కిటికీ చెక్కలు మూద్దామని చెయ్యి చాపి, మళ్ళీ ఊరుకున్నాను. అవి మూస్తే ఆయన ఉన్నట్టే. లేడు కదా. కూర్చున్నాను. నా వెనక చాప ఈడ్చుకొచ్చి తామూ వదిన చతికిలబడింది. ఆవిడ మోకాలు నా వీపుకి ఆనింది. తియ్యలేదు.

వీధి ఖాళీగా ఉంది. ఎదురింటి రేకుమీద పిల్లి ఒకటి పడుకుంది. ఆయన ఏం చేసేవాడు ఈ వేళలో? అక్కడ ఏం జరుగుతోందో తెలియక, ఇక్కడ ఇలా కూర్చుని, గోడకి అటుపక్క నేను గ్లాసులు కడిగే చప్పుడు వినేవాడా? ఆ సమయాల్లో నేను లోపల ఆయన్ని సణుగుతూ ఉండేదాన్ని, టీ చల్లారిపోతోందని.

గాలి తూర్పునుంచే వీస్తోంది. హోరు ఒకటి వచ్చింది. సంతోషమో ఏడుపో దూరానికి తెలియదు. తర్వాత ఏమీ వినబడలేదు. నా చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

పిల్లి ముందు లేచింది. తర్వాత కాళ్ళ చప్పుడు. బూతులు లేవు. పాట లేదు. ఆ చప్పుడు వినగానే ఓడిపోయారని అర్థమైంది. మలుపు తిరిగి కనబడ్డారు, గోడనుంచి గోడదాకా. ముందువాళ్ళ చేతుల్లో జెండాకర్రలున్నాయి, జెండాలు లేవు. ఒకడు రేకుమీద కర్రతో కొట్టాడు. ఇంకొకడు వంగి కింద దేనికోసమో చెయ్యి పెట్టాడు. నా మోకాళ్ళు మంచం కిందికి పోదామంటున్నాయి. నేను కదల్లేదు.

ముందువరసలో ఉన్న ఒక ముసలి గనికార్మికుడు నన్ను చూశాడు. తెరిచిన తలుపు, ఆకుపచ్చ పీట, దానిమీద తెల్లబట్టల ఆడమనిషి. ఆగాడు. వెనకవాళ్ళు వచ్చి అతన్ని గుద్దుకుని ఆగారు. వంగినవాడు చెయ్యి దులుపుకుని లేచాడు.

ముసలాయన టోపీ తీసి, గొంతు సవరించుకుని, వీధి ఇంకో పక్కనుంచే చెప్పాడు.

"రెండు ఒకటి తల్లీ. కిందికి పోయాం."

"ఎన్నో నిమిషం?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఎనభై ఎనిమిది."

"ఎనభై తొమ్మిది" అన్నాడు పక్కవాడు.

"ఎడం వైపునుంచి కార్నర్. మనవాడు కాలు జారాడు" అని ఇంకొకడు.

"జారలేదు, తోశారు. రిఫరీ గుడ్డివాడు."

"నువ్వే గుడ్డివాడివి, నేను దగ్గరనుంచి చూశాను."

వచ్చేవాళ్ళు వచ్చినట్టు ఒక్కో ముక్క నా గడపలో వదిలి కదిలిపోయారు. కొందరు ఏడుస్తున్నారు. ఎవరూ రాయి ముట్టలేదు. అందరికంటే చివర షెర్కీ వచ్చాడు, అల్లాల్ భుజం పట్టుకుని. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చివరిదాకా చూశాను చెల్లెమ్మా" అన్నాడు. "చూడకపోయినా బాగుండేది."

"డెబ్బై అయిదో నిమిషానికి ఎవరు లేచారు?"

"మెట్టుమీదున్నవాళ్ళందరం. లేచి నిలబడ్డాం. మళ్ళీ కూచున్నాం."

అతను వెళ్ళాక తలుపు వేశాను. పీట గూట్లో పెట్టలేదు, లోపలే ఉంచాను. పుదీనా తుంపి టీ కాచాను. మొదటి గ్లాసు ఇద్దరం మాట్లాడకుండా తాగాం.

"ఇంతకీ ఎలా పడిందే ఆ గోల్?" అంది తామూ వదిన. "వాళ్ళు తలోమాట చెప్పారు, నాకేం అర్థం కాలేదు."

"రెండో గ్లాసు పొయ్యి, చెప్తాను."

పోసింది. నేను మొదలుపెట్టాను. పడమటి ఎండ గోల్‌కీపర్ కళ్ళలో ఎలా పడిందో చెప్పాను. మనవాడి బూటు లేసు సంగతి చెప్పాను. కార్నర్ కొట్టేవాడు బంతిని రెండుసార్లు తుడుచుకున్నాడని చెప్పాను. వదిన గ్లాసు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అప్పుడు వాళ్ళ పొడుగువాడు అందరికంటే పైకి లేచి, తలతో కొట్టాడు."

తామూ వదిన నావైపు తిరిగింది.

"తలతోనేనా?"

"తలతోనే. కళ్ళారా చూసినట్టు చెప్తున్నాను కదా."

ఆవిడ టీ ఒక గుక్క తాగి, తెల్లగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది. ఆ గుడ్డ నాది.

"సరే" అంది. "తలతోనే కొట్టుంటాడు."